హాజరు పడిన సాక్షులు

ఓర్వలేనితనం గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నాతోపాటు కెన్యా పోలీసు శిక్షణ పూర్తి చేసిన విక్లిఫ్ మకోఖా ఈ ఏడాది చీఫ్ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. నేను, టెక్లా సుటేర్‌ని, ఇన్‌స్పెక్టర్‌గానే ఉండిపోయాను. అతని భుజం మీద ఆ కొత్త గుర్తు కనిపించినప్పుడల్లా నా నోట్లో టీ చేదెక్కుతుంది. అందుకే ఆ బుధవారం పొద్దున ఎల్డొరెట్ స్టేషన్ లాకప్‌లో కూర్చున్న నహషోన్ బిరెచ్‌ని చూస్తే నాకు అసహ్యం వేయలేదు. ఎదుటివాళ్ళ పేరు చూసి కుళ్ళుకునే మనిషిని నేను ఇట్టే గుర్తుపడతాను.

అతని భార్య డాక్టర్ ప్రిస్కా జెలగాట్ పశువైద్యురాలు. ముందురోజు, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో, తన వైద్యశాల వెనక దొడ్డిలో స్పృహ తప్పి పడి ఉంది. దూడను చూపించుకోవడానికి వచ్చిన రైతు చూసి కేకలు పెట్టాడు. ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె గుండె అడ్డూ ఆపూ లేకుండా కొట్టుకుంటోంది. మకోఖా అరగంటలో తేల్చేశాడు. పిడుదుల మీద కొట్టే మందు ఈ జిల్లాలో ప్రతి ఇంట్లో ఉంటుంది, పొద్దున టీ పెట్టింది మొగుడు, కాబట్టి మొగుడే కలిపాడు. ఆసుపత్రి వాళ్ళు ఆ మందుకి విరుగుడు ఇస్తున్నారు. ఆమె మాత్రం గంట గంటకీ దిగజారుతోంది.

"టీలో ఏం కలిపావు?" అని అడిగాను.

"పంచదార," అన్నాడు నహషోన్.

"నీ పెళ్ళాం మీద నీకు కోపమని వీధంతా చెబుతోంది."

"కోపం కాదు మేడమ్, మంట. దాచుకుని ఏం లాభం? ఈ దేశంలో ఉన్న పశువుల డాక్టర్లందరి దగ్గరా దాని నంబరుంది. ఉగాలి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఫోను. ఎవడో దూడ అడ్డం తిరిగిందంటాడు, వీడియో పంపుతాడు. నేను తింటుంటే పక్కనే కూర్చుని 'చెయ్యి ఇంకా లోపలికి పోనివ్వండి' అంటుంది. మీరైతే ఆ ముద్ద మింగుతారా?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "నిన్న పొద్దున ఆమెకి ఫోన్ చేశావా?"

"చేశాను. ఎత్తలేదు. మంగళవారం ఎత్తదు. ముసలి మాస్టారి పాఠం ఉంటుందిగా."

"ఎవరాయన?"

"లెలెయ్ సారు. కాలేజీలో దానికి చదువు చెప్పింది ఆయనే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దీని పాఠానికి జనం విరగబడుతున్నారు, ఆయన ఈగలు తోలుకుంటున్నాడు. అయినా ఇది ఆయన పాఠం మానదు. దొడ్లో స్టూలు వేసుకుని బళ్ళో పిల్లలా కూర్చుంటుంది. నేను మాట్లాడితే మాత్రం ఆవలిస్తుంది."

వెనకనుంచి బూట్ల చప్పుడు వినిపించింది. మకోఖా వచ్చాడు. కొత్త గుర్తు, కొత్త బెల్టు, పాత నవ్వు.

"మొగుడు గారి కష్టాలు వింటున్నావా, టెక్లా? నేను మధ్యాహ్నం వీణ్ణి కోర్టుకి తీసుకుపోతున్నాను."

"విరుగుడు పనిచేయడం లేదు, సర్. అది పిడుదుల మందు కాదేమో."

"పోలీసుగిరీ చాలక డాక్టరీ కూడా మొదలుపెట్టావా?"

"ఆమె పని దుస్తులు చూశారా? ఎడమ భుజం వెనక చిన్న కన్నం ఉంది. కన్నం చుట్టూ రక్తం ఎండిపోయింది. ఎవరో వెనకనుంచి సూది పొడిచారు. రాత్రే ఆసుపత్రిలో చెప్పాను. సూదైతే ఏ మందో పేరు తెమ్మన్నారు. ఆమె బీరువాలో ఉన్న సీసాలన్నిటికీ విరుగుడు ఇచ్చుకుంటూ పోతే మనిషి మిగలదన్నారు. ఇంకో రాత్రి దాటడం కష్టమన్నారు."

"ముల్లు గుచ్చుకుని ఉంటుంది. ఆవుల మధ్య బతికే మనిషికి కన్నాలకి కొదవా?"

"లెలెయ్‌ని అడిగారా?"

"అడక్కుండా ఉంటానా? మొగుడి తర్వాత ఆమె మీద కుళ్ళు ఉండేది ఆయనకే. కానీ నిన్న తొమ్మిదింటి నుంచి పది దాకా ఆయన తన పశువుల పాకలోంచి ఆన్‌లైన్‌లో పాఠం చెబుతున్నాడు. రెండు వందల పైచిలుకు పశువైద్యులు సాక్ష్యం. అందరూ చదువుకున్నవాళ్ళు. ఇంత గట్టి సాక్ష్యం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు." అని నా దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "నీ బాధేమిటో నాకు తెలుసు. నాకు పైమెట్టు వచ్చింది, నీకు రాలేదు. ఆ కడుపుమంటతో నా కేసు పాడుచేయకు."

ఆ మాట నిజం కాబట్టి నాకు ఎక్కువ తగిలింది. బయటికొచ్చి జీపు ఎక్కాను.

ప్రిస్కా వైద్యశాల వెనక దొడ్డి చిన్నది. మధ్యలో పశువుల్ని కదలకుండా బిగించే కొయ్య చట్రం. ఆవుకి సూది వేస్తూ కూలిపోయిందని మకోఖా మనుషులు రాసుకున్నారు. చట్రంలో తాజా పేడ లేదు. నేల మీద గిట్టల గుర్తులు ఎండి గట్టిపడి ఉన్నాయి. చేతి తొడుగులు మేకుకి పొడిగా వేలాడుతున్నాయి. ఆ పొద్దున ఆ చట్రంలోకి ఏ పశువూ రాలేదు.

చట్రం ముందు ప్లాస్టిక్ స్టూలు పక్కకి ఒరిగి పడి ఉంది. నేను దాన్ని నిలబెట్టి కూర్చుని చూశాను. నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా, గుంజకి, వంచిన తీగ ఒకటి కట్టి ఉంది. ఫోన్ నిలబెట్టుకోవడానికి చేసుకున్నది. ఫోన్‌ని మకోఖా ముందే తీసుకుపోయాడు, మగవాళ్ళ సందేశాలు ఏరుకోవడానికి. అలా కూర్చుంటే దొడ్డి గేటు నా వీపు వెనక ఉంది. ఎవరైనా లోపలికొస్తే తెలియదు. ఫోన్‌లో ఎవరో గట్టిగా మాట్లాడుతుంటే అసలే తెలియదు.

అయితే నహషోన్ చెప్పింది నిజమే. ఆమె పాఠం వింటోంది. మరి ఆ రెండు వందల మందీ ఏం విన్నారో తెలుసుకోవాలనిపించింది.

జీపులోనే కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాను. మొదటివాడు ఇటెన్ దగ్గర పనిచేసే కుర్ర పశువైద్యుడు.

"నిన్న లెలెయ్ గారి పాఠానికి హాజరయ్యారా?"

"అయ్యాను మేడమ్. హాజరు పడింది."

"ఏం చెప్పారు?"

"పశువుల గురించి, మేడమ్."

"పశువుల్లో దేని గురించి?"

"నిజం చెప్పమంటారా? ఏడాది తిరిగేసరికి ఇన్ని పాఠాలు విన్నట్టు చూపించకపోతే మా లైసెన్సు మళ్ళీ రాయరు. అందుకని ఫోన్‌లో పాఠం పెట్టి, శబ్దం ఆపి, జేబులో పడేస్తాం. మధ్యలో ఒకసారి వణుకుతుంది. తీసి బొత్తాం నొక్కితే హాజరు. నిన్న అది వణికినప్పుడు నా చెయ్యి భుజం దాకా ఆవు లోపల ఉంది. రైతు భార్య చేత నొక్కించాను."

రెండో ఆవిడ కోళ్ళకి టీకాలు వేస్తోందట. మూడో ఆయన చర్చిలో ఉన్నాడట. నాలుగో ఆయన తనూ అక్కడ పాఠాలు చెప్పేవాడే, నేను అడుగుతున్నది తన పాఠం గురించే అనుకుని నన్ను తిరిగి అడిగాడు, బాగా వచ్చిందా మేడమ్ అని. మకోఖా దగ్గర ఉన్నది రెండు వందల మంది సాక్షులు కాదు, రెండు వందల జేబులు. నా మనసు ఎంత తేలికపడిందో చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఆసుపత్రి మంచం మీద మనిషి పోతోందని మరిచిపోయి, మకోఖా ముఖం ఊహించుకుని నవ్వుకున్నాను.

ఆ పాఠాల వెబ్‌సైటు నడిపే పిల్ల డోర్కాస్ చెరుయోట్ ఊళ్ళోనే, బ్యాంకు పైన చిన్న గదిలో ఉంటుంది. నేను అడగ్గానే పాఠం రికార్డు పెట్టింది. లెలెయ్ తన పాకలో దీపాల కింద నిలబడి పొదుగు వాపు గురించి చెబుతున్నాడు. పక్కన ఎర్ర ఆవు. పది నిమిషాలు చూశాక నేను తెరకి దగ్గరగా జరిగాను. మా అమ్మ ఆవుల దగ్గర పెరిగినదాన్ని. ఆ పొదుగు రాయిలా బిగిసి ఉంది, చన్నుల నుంచి చుక్కలు కారుతున్నాయి.

"ఇది అప్పటికప్పుడు చెప్పిందేనా, ముందే తీసి పెట్టిందా?"

"అప్పటికప్పుడే అనుకున్నా మేడమ్. ఆయన కంప్యూటర్ నుంచి బొమ్మ వస్తుంది. అది కెమెరాలోంచి వస్తోందో, పాత వీడియోలోంచో మాకు తెలియదు. ఎవరైనా ప్రశ్న వేస్తే తెలిసేదేమో. ఎవరూ వేయరు." అని డోర్కాస్ తల గోక్కుంది. "అసలు తెర తెరిచి ఉంచేది ఒక్కరే. మిగతావన్నీ మూసే ఉంటాయి, నాకు ఇక్కడ కనిపిస్తుంది. పాపం ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు."

"ఎవరా ఒక్కరు?"

చెప్పింది. నేను ఇంకోసారి అడిగి నిర్ధారించుకున్నాను.

"ఇంకో సంగతి, మేడమ్. వచ్చే నెల నుంచి మంగళవారం పాఠం ఆయన దగ్గర తీసేసి ప్రిస్కా మేడమ్‌కి ఇద్దామని పెద్దలు అనుకున్నారు. శుక్రవారం నేనే ఫోన్ చేసి చెప్పాను. మంచిది, నా శిష్యురాలేగా, అన్నారు. నేను ఇంకేదో చెబుతుంటే పెట్టేశారు."

లెలెయ్ ఇల్లు మోయిబెన్ దారిలో, గోధుమ పొలాల పక్కన. దారిలో పాల సహకార సంఘం దగ్గర ఆగి, పాల బండి డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళాను. హోసియా లెలెయ్ నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. సొరకాయ బుర్రలోంచి ముర్సిక్ వంచి కప్పు నా చేతికిచ్చాడు. పుల్లటి పెరుగు వాసన, బొగ్గు వాసన కలిసి మా ఇల్లు గుర్తొచ్చింది.

"ప్రిస్కా ఎలా ఉంది, అమ్మాయీ?"

"బాగాలేదు సర్. నేను మీ పాఠం గురించి వచ్చాను. మొదటి నుంచి చివరిదాకా చూశాను."

ఆయన కప్పు కింద పెట్టాడు. "మొత్తమా?"

"మొత్తం. పొదుగు నాలుగు భాగాల్నీ వేళ్ళతో ఎలా తడమాలో చెప్పారు చూడండి, మా అమ్మకి ఆ సంగతి తెలిసుంటే మా ఆవు పొదుగు చెడిపోయేది కాదు."

నేను పొగడ్డానికి అన్నమాట కాదది. పాఠం నిజంగా బాగుంది. ఆయన ముఖం వెలిగిపోయింది, అది చూసి నాకు ఒక్క క్షణం పాపం అనిపించింది.

"ఒక అనుమానం మాత్రం మిగిలింది, సర్. ఆ ఎర్రావు పొదుగు అంత నిండుగా ఉంది, దానికి నొప్పి కదా. పాలు పిండాక చూపించొచ్చుగా?"

"అక్కడే అందరూ పొరపడతారు. పిండిన పొదుగు వట్టి తోలుసంచి. దాని మీద ఏం చూపిస్తాం? నిండుగా ఉంటేనే నాలుగు భాగాలూ విడివిడిగా కనిపిస్తాయి. నేను కావాలనే పాలు పిండకముందు నిలబెట్టాను. ఈ కాలపు వాళ్ళకి ఆ మాత్రం శ్రద్ధ ఉండదు. ఏదో నవ్వుతూ, జోకులు వేస్తూ..." మాట అక్కడ ఆగిపోయింది.

"మీ పాలు తెల్లవారకముందే బండి ఎక్కుతాయి, సర్. నిన్న కూడా మీ క్యాన్లు ఎప్పటిలాగే నిండుగా వచ్చాయని డ్రైవరు చెప్పాడు. తొమ్మిదింటికి ఆ పొదుగు మళ్ళీ ఎలా నిండింది?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"రెండు వందల మంది నన్ను చూశారు," అన్నాడు చివరికి.

"ఎవరూ చూడలేదు సర్. ఒకడి చెయ్యి ఆవు కడుపులో ఉంది. ఒకావిడ కోళ్ళ దగ్గర ఉంది. ఒకాయన చర్చిలో పాట పాడుతున్నాడు. మీ పాఠం వాళ్ళ జేబుల్లో నోరు మూసుకుని ఉంది. ఎప్పుడూ అంతే."

నేను చెంప మీద కొట్టినట్టు వెనక్కి వాలాడు. పాల క్యాన్ల సంగతి తీసినప్పుడు కూడా అంతగా అదరలేదు ఆయన.

"ప్రిస్కా పాఠం మాత్రం వింటారు," అన్నాడు. "దానికి నేను కత్తి పట్టుకోవడం నేర్పాను. పొట్ట కోసి దూడని తీయడం నేర్పాను. అది నా మాటలే నవ్వుతూ చెబితే జనం చప్పట్లు కొడతారు. నా మంగళవారం కూడా దానికే కావాలి. ముప్పై ఏళ్ళు చెప్పాను, అమ్మాయీ. ఒక్కరైనా విని ఉండరా?"

"ఒక్కరు విన్నారు. మొదటి పాఠం నుంచి ఒక్క మంగళవారం కూడా మానకుండా, తెర తెరిచి పెట్టుకుని చూశారు."

"ఎవరు?"

"మీకు తెలుసు సర్. మీరు గేటు తీసుకుని వెనకనుంచి వచ్చినప్పుడు ఆమె స్టూలు మీద కూర్చుని ఎవర్ని చూస్తోంది?"

ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నా గొంతే వినిపించింది. నన్ను వెక్కిరించడానికి పెట్టుకుందనుకున్నాను. నా తప్పులు ఏరి రేపు తన పాఠంలో నవ్విస్తుందనుకున్నాను. అందుకే చెయ్యి ఆగలేదు. లేకపోతే... ఏమో."

గదిలో పెండ్యులం గడియారం కొట్టుకుంటోంది. నాకు ఒప్పుకోలు ఇప్పుడు అక్కర్లేదు, పేరు కావాలి. బెదిరిస్తే ఈయన చెప్పడు. ముందుకి వంగి, బళ్ళో అడిగినట్టు అడిగాను.

"ఆమెకి పిడుదుల మందు విరుగుడు ఇస్తున్నారు సర్. మీరు మాస్టారు. అది సరైనదేనా?"

"కాదు," అన్నాడు వెంటనే. "ఆపమను. అది గుండెని ఇంకా తరుముతుంది. చంపేస్తారు."

"మరి ఏ మందు?"

చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. పశువుల ఊపిరితిత్తుల జబ్బుకి ఈ జిల్లాలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఆవుకి ప్రాణం పోస్తుంది, మనిషి గుండెని పట్టుకుంటుంది. ఎంత ఎక్కించాడో, ఆసుపత్రిలో ముందు ఏం చూడాలో, తర్వాత ఏం ఇవ్వాలో ఒక్కొక్కటే వివరంగా చెప్పాడు. నేను మధ్యలో మాట్లాడలేదు. కాలేజీ వదిలాక ఆయన పాఠాన్ని ఒక మనిషి ఎదురుగా కూర్చుని విన్నది అప్పుడేనేమో.

ఆసుపత్రి డాక్టరుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, అంతే. నర్సు గది నంబరు ఎంతకీ కలవలేదు. ఆ వార్డు తలుపు దగ్గర నాకు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, మకోఖా. కోర్టుకి వెళ్ళేలోపు ప్రిస్కా కళ్ళు తెరిస్తే మొగుడి మీద వాంగ్మూలం తీసుకోవాలని, పత్రికల వాళ్ళని వెంటబెట్టుకుని కూర్చున్నాడు. అతనికి చెప్తే కనిపెట్టిన పేరు అతనిదైపోతుంది. నేను జీపులో వెళ్ళి స్వయంగా చెప్పాలంటే గంట పడుతుంది. ఆ గంట ఆమె దగ్గర ఉందో లేదో తెలియదు. ఫోన్ చేతిలో పట్టుకుని నేను ఎంతసేపు ఆగానో చెప్పను, కానీ ఆగాను.

మకోఖా మొదటి మోతకే ఎత్తాడు. మందు పేరు, మోతాదు, ఆపాల్సిన విరుగుడు, అన్నీ రెండుసార్లు చెప్పాను. మొదట కసిరాడు, తర్వాత మౌనంగా విన్నాడు. ఫోన్ పెట్టకుండానే తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. అతని గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"డాక్టర్, అన్నీ ఆపండి. అదేం విషమో నేను కనిపెట్టాను."

లెలెయ్ కూడా విన్నాడు. గది అంత నిశ్శబ్దంగా ఉంది.

"ఇక కనిపెట్టిన పేరు అతనిదేనా?" అన్నాడు.

"అతనిదే."

"ఎలా ఉంది, అమ్మాయీ?"

"మండుతోంది సర్," అన్నాను. "చేతులు ఇటివ్వండి."

సాయంత్రం స్టేషన్లో లెలెయ్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాంగ్మూలం రాస్తుండగా నా ఫోన్ మోగింది. మకోఖా. చేతిలో కలం ఉందని స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను.

"నీ మందు నిజమే, టెక్లా," అన్నాడు. గొంతులో వెనకటి పొగరు లేదు, పత్రికల వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. "గుండె దారికొచ్చింది. గండం గడిచినట్టేనంటున్నారు. మొగుణ్ణి వదిలేశాను, వార్డు బయట కూర్చుని ఏడుస్తున్నాడు. ఆమె కళ్ళు తెరిచింది. ఎవరు పొడిచారని అడిగాను. చూడలేదంది. ఇంకో మాట అంది, నాకు అర్థం కాలేదు. మతి కుదరలేదనుకుంటా."

"ఏమంది?"

"మా సారు ఎర్రావుకి పాలు పిండారా, అంది. పొద్దెక్కినా పొదుగు నిండుగానే ఉంది, సారుకి ఒంట్లో బాగాలేదేమో, పాఠం అవగానే ఫోన్ చేద్దామనుకున్నాను, అంది. రెండుసార్లు అడిగింది, పిండారా అని."

బల్లకి అవతల లెలెయ్ తల కిందికి వాలిపోయింది. సంకెళ్ళున్న చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"వింటున్నావా? ఏ ఆవు, టెక్లా? ఆ మాటకి అర్థమేంటి?"

"మీరే కనిపెట్టండి, సర్," అని ఫోన్ పెట్టేశాను.